చెవి టైం

రెండు వందల మీటర్ల పరుగు మైదానానికి అవతలి మూలలో మొదలై ఇవతలి మూలలో ముగుస్తుంది. రెంటి మధ్యా అడ్డంగా కొలిస్తే నూట పది మీటర్ల పైచిలుకు. అవతల కోచ్ రెండు చెక్కలు ఠప్పున కొడతాడు. ఇవతల గడియారం పట్టుకున్న మనిషి ఆ చెక్కలు కలవడం కళ్ళతో చూసి మీట నొక్కాలి. చప్పుడు వినేదాకా ఆగితే సెకనులో మూడో వంతు గడిచిపోతుంది. గడియారం ఆలస్యంగా మొదలైతే పరుగు తొందరగా ముగిసినట్టు కనిపిస్తుంది. ఈ పనిలో ఉన్నవాళ్ళు చూసి నొక్కినదాన్ని కంటి టైం అంటారు, విని నొక్కినదాన్ని చెవి టైం అంటారు. చెవి టైం అన్నది వాళ్ళలో తిట్టు కిందే లెక్క. ఎవడైనా గొప్పలు పోతుంటే "అబ్బో, చెవి టైం చెబుతున్నాడ్రా" అని నవ్వుకుంటారు.

ఆ క్రీడా హాస్టల్ మైదానంలో ముప్పై ఏళ్ళుగా కంటి టైం తప్ప మరొకటి చెప్పని మనిషిని పిల్లలు టైం తాత అని పిలిచేవారు. నిజానికి ఆయన ఉద్యోగం టైం చెప్పడం కాదు, గ్రౌండు చూసుకోవడం. అది మట్టి ట్రాకు. పొద్దున్నే నీళ్ళు చల్లడం, సున్నంతో గీతలు గీయడం, సాయంత్రం పిల్లలు వెళ్ళాక జల్లెడ లాంటి ఇనుప చాప లాగి అడుగుల ముద్రలు చదును చేయడం ఆయన పని. ఇరవై ఏడో ఏట రోలరు లాగే కూలీగా వచ్చాడు. అప్పటి టైమరు ఒక ముక్కోపి డ్రిల్లు మాస్టారు. చెయ్యి వణకడం మొదలయ్యాక ఆయన ఎదురుగా ఉన్న ఈ కూలీ చేతిలో గడియారం పెట్టి, దూరంగా వెళ్ళి చెక్కలు కొట్టాడు. తిరిగొచ్చి ముల్లు చూసి నెత్తిన ఒక మొట్టికాయ వేశాడు.

"చెవితో నొక్కావు."

"చప్పుడు అబద్ధమా మాస్టారూ?"

"అబద్ధం కాదురా, ఆలస్యంగా వచ్చే నిజం. మన పనికి రెండూ ఒకటే."

ఆ మొట్టికాయ ముప్పై ఏళ్ళు పని చేసింది. ఒకసారి ఒక పెద్ద అధికారి తన కొడుకును పరిగెత్తించి, వచ్చిన టైం నచ్చక, "సరిగ్గా చూశావా? ఇంకోసారి చూసి చెప్పు" అన్నాడు. "చూసేది ఒకసారేనండి. ముల్లు వెనక్కి నడవదు" అన్నాడీయన. ఆ నెలలో ఆయన్ని మైదానం నుంచి తీసి మరుగుదొడ్ల దగ్గర వేశారు. బకెట్టు పట్టుకున్నాడు. కొత్త టైమరు లెక్కలు ఒకదానికొకటి పొంతన లేకుండా పోతుంటే నెల తిరక్కుండా వాళ్ళే వెనక్కి పిలిచారు.

భార్య ఆ హాస్టల్లోనే వంటమ్మ. "ఇంటికి ఉప్పు తెమ్మంటే సాయంత్రానికి తెచ్చే మనిషి. సెకనులో పదో వంతు గురించి ఈయన మాట్లాడితే నాకు నవ్వాగదు" అనేది పిల్లలతో. పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వేవారు. ఆయనా నవ్వేవాడు. వాళ్ళకు సంతానం లేదు. ఆ మాట వాళ్ళు ఎత్తేవాళ్ళు కాదు, ఎవరూ అడిగేవాళ్ళూ కాదు.

హాస్టల్లో అందరికంటే ఎక్కువగా నవ్వే పిల్లకు మిరపకాయ అని పేరు పెట్టింది వంటమ్మే. పదమూడో ఏట వచ్చింది. పొట్టిగా, నల్లగా, ఒక్క క్షణం కుదురుగా నిలబడకుండా ఉండేది. తల్లి బట్టలు కుట్టే కార్ఖానాలో పని చేసేది. తండ్రి సంగతి ఆ పిల్ల చెప్పేది కాదు. పదిహేనో ఏట రెండు వందల మీటర్లలో తన వయసు వాళ్ళనందరినీ వెనక్కి నెట్టింది. పదహారు వచ్చేసరికి ఒళ్ళు విచ్చుకుంది, నడుం నిండింది. టైం ఇరవై ఐదు పాయింట్ ఆరు దగ్గర ఆగిపోయింది. ఆ ఏడాది చివర్లో పెద్ద శిబిరానికి ఎంపిక పరుగు ఉంది. ఇరవై ఐదు లోపు వస్తే శిబిరం. రాకపోతే పదిహేడు నిండగానే హాస్టల్ సీటు పోతుంది. సీటు పోతే తల్లి పక్కన ఇంకో కుట్టు మిషను. ఈ సంగతి ఆ పిల్లకు తెలుసు, తాతకూ తెలుసు, కోచ్‌కూ తెలుసు.

కోచ్‌ను అందరూ సార్ అనేవారు. నలభై లోపు మనిషి. చదువుకున్నవాడు, తాగడు, చెయ్యెత్తడు, పిల్లలతో పాటు పొద్దున్నే లేస్తాడు. తన రోజుల్లో సెకనులో పదో వంతు తేడాతో ఒక పెద్ద పోటీ పోగొట్టుకున్నాడు. "నువ్వు రెండు కిలోలు ఎక్కువున్నావురా" అన్నాడట అప్పటి ఆయన కోచ్. ఆ రెండు కిలోలు దించుకోవడానికి ఆయనకు ఇరవై ఏళ్ళు పట్టింది, అదీ పిల్లల ఒంటి మీద. హాస్టల్‌కు వచ్చిన కొన్నాళ్ళకే భోజనాల గది గుమ్మంలో తూకం మిషను పెట్టించాడు. శనివారం తూకం. బరువు సరిపోయినవాళ్ళకు తెల్ల ప్లేటు. తగ్గాల్సినవాళ్ళకు నీలం ప్లేటు. అది తెల్లదానిలో సగం ఉండేది. పచ్చసొన తీసేసిన గుడ్డు, ఉడకబెట్టిన కూరముక్కలు, పాలు లేవు, సాయంత్రం అన్నం లేదు.

మిరపకాయకు నీలం ప్లేటు వచ్చిన మొదటి వారం వంటమ్మ కూర కింద ఒక గుడ్డు దాచి పెట్టింది. పిల్ల దాన్ని పక్కకు నెట్టేసింది. ఇంటికొచ్చి వంటమ్మ చెబితే తాత విసుక్కున్నాడు.

"సార్ చదువుకున్నవాడు. నీకూ నాకూ ఏం తెలుసని మధ్యలో తల దూరుస్తావు?"

"ఎదిగే పిల్ల ఎంత తినాలో తెలియడానికి చదువెందుకు?"

"చేసే పనికి పైవాడు ఒకడుంటాడు. వాడి మాట వినాలి."

"అలాగే వినండి" అంది వంటమ్మ.

ఆ శనివారమే అది జరిగింది. శనివారాల్లో ఒక్కొక్కరినీ విడిగా పరిగెత్తించి టైం తీసేవారు. ఆ పొద్దున పొగమంచు, దాని వెనక ఎదురెండ. అవతలి మూలలో సార్ ఉన్నాడని తెలుస్తోంది గాని చెక్కలు కనబడటం లేదు. తాత చేయి అడ్డం పెట్టుకుని చూస్తుండగానే చప్పుడు వినబడింది. వేలు దానంతటదే కదిలింది. మిరపకాయ గీత దాటాక ముల్లు చూస్తే ఇరవై ఐదు పాయింట్ రెండు.

తప్పు టైం అని ఆయనకు ఆ క్షణమే తెలుసు. "మళ్ళీ పరిగెత్తాలమ్మా" అనడానికి నోరు తెరిచాడు. పిల్ల మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి, తల మాత్రం ఎత్తి చూస్తోంది. ఆరు వారాలుగా ప్రతి శనివారం అదే అంకె విని, వెనక్కి తిరిగి, నీళ్ళ ట్యాంకు వెనక్కు వెళ్ళి ఏడ్చి వచ్చే పిల్ల.

"ఎంత తాతా?"

"ఇరవై ఐదు రెండు" అన్నాడు.

పిల్ల అరిచిన అరుపుకు అవతల ఉన్న సార్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. అది తాత మెడ పట్టుకుని వేలాడింది. "చూశావా, ఒక్క వారంలో!" అన్నాడు సార్. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆయన అనుకున్నది నీలం ప్లేటు గురించి. తాత ఆ మాట పట్టించుకోలేదు. పిల్ల నవ్వు చూస్తున్నాడు.

ఒక్కసారే కదా అనుకున్నాడు. ఒక్క మంచి మాటతో ధైర్యం వస్తే, వచ్చే వారం నిజంగానే ఆ అంకె వస్తుందేమో అనుకున్నాడు. అలా రావడం ఆయన చూశాడు కూడా. మనసు కుదిరితే కాళ్ళు వాటంతటవే కుదురుకున్న పిల్లలు ముప్పై ఏళ్ళలో పదిమందైనా ఉంటారు.

మరుసటి శనివారం ఆకాశం తేటగా ఉంది. చెక్కలు స్పష్టంగా కనబడుతున్నాయి. తాత తల దించుకుని, నేల చూస్తూ, చప్పుడు కోసం ఆగాడు.

జట్టులోని మిగతా ఆరుగురు అమ్మాయిలకు కంటి టైమే తీసేవాడు. ఈ ఒక్క పిల్లకు మాత్రం నేల చూపు. నాలుగు వారాలకు ఇంకో చిక్కు వచ్చిపడింది. పిల్ల నిజమైన పరుగు తగ్గుతోంది. చప్పుడు విని నొక్కినా అంకె పైకి పోతోంది. అప్పటి నుంచి తాత చప్పుడు విన్నాక ఒక గుటక మింగి నొక్కడం మొదలుపెట్టాడు. ఆ గుటక ఎంతసేపు పట్టాలో శుక్రవారం సాయంత్రం జల్లెడ లాగుతూ ఆలోచించుకునేవాడు. ఎక్కువ మింగితే అంకె మరీ పడిపోయి సార్‌కు అనుమానం వస్తుంది. తక్కువ మింగితే పిల్ల ముఖం పడిపోతుంది. పన్నెండో వారానికి ఇరవై ఐదు పాయింట్ సున్నా చెప్పాడు.

అందరితో కలిసి పరిగెత్తే రోజుల్లో మిరపకాయ నాలుగోదిగా, ఐదోదిగా వచ్చేది. ఒకప్పుడు తన వెనక ఉన్నవాళ్ళ వెనక. సార్ తల పట్టుకున్నాడు. విడిగా పరిగెత్తితే మెరుపు, గుంపులో మొద్దు. ఇది కాళ్ళ జబ్బు కాదు, మనసు జబ్బు అని తేల్చాడు. రోజూ సాయంత్రం పిల్లను గదిలో కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమని, "నేను తేలిక, నన్ను గాలి మోస్తుంది" అని వందసార్లు అనిపించేవాడు. పిల్ల అనేది. ఆ మాట అంటున్నంతసేపూ దాని కడుపు గుడగుడలాడేదని దాని నోట విన్న పక్క మంచం అమ్మాయి వంటమ్మకు చెప్పింది.

పదమూడో వారంలో ఒక మధ్యాహ్నం తాత ఇంట్లో అన్నానికి కూర్చున్నాడు. వంటమ్మ వడ్డిస్తూ ఆగింది.

"మిరపకాయ ఇవాళ చేతులు కడుక్కునే చోట పడిపోయింది."

"జారిందా?"

"జారడం కాదు, కళ్ళు తిరిగి. చెయ్యి పట్టుకుంటే చల్లగా, కప్పని పట్టుకున్నట్టుంది. దువ్వెన నిండా జుట్టు. మూడు నెలలుగా బయట చేరడం లేదేమే అని అడిగితే, అదీ మంచిదే పెద్దమ్మా, బరువు తగ్గుతున్నట్టే కదా అంటోంది. పదహారేళ్ళ పిల్ల అనాల్సిన మాటేనా అది?"

తాత ముద్ద కలుపుతూనే ఉన్నాడు.

"సార్‌తో చెప్పాను. నేను వంట మనిషిని, చెప్పకూడదు, తెలుసు. అయినా చెప్పాను. ఆయన కసురుకోలేదు పాపం. గోడ మీద కాగితం చూపించాడు. ఎర్ర గీత బరువట, నల్ల గీత టైమట. రెండూ కలిసి దిగుతున్నాయి, చూడండమ్మా అన్నాడు. సోమవారం నుంచి మిగతా ఆరుగురికీ నీలం ప్లేటేనట."

తాత చెయ్యి ఆగింది. "ఆరుగురికీనా?"

"ఆరుగురికీ. ప్లేట్లు కూడా వచ్చేశాయి."

"టైం దిగుతోందని ఎవరన్నారు?"

వంటమ్మ ఆయన్ని వింతగా చూసింది. "ఎవరేంటి? మీరే కదా వారం వారం చెప్పేది!"

ఆయన ముద్ద కంచంలో వదిలేశాడు. తర్వాత పొగమంచు దగ్గర నుంచి గుటక దాకా అంతా చెప్పాడు. వంటమ్మ గరిటె పట్టుకుని నిలబడే విన్నది.

"నేను ఒక్క గుడ్డు దాచిపెడితే నన్ను తిట్టారు" అంది చివరికి. "నేను గుడ్డు దాచాను. మీరు ఆ పిల్ల ఆకలిని దాచారు."

"దాని ముఖం చూడలేకపోయానే."

"ఇప్పుడు వెళ్ళి చూడండి, ఆ ముఖం ఎలా ఉందో!"

చెయ్యి కడుక్కుని ఆయన లేచాడు. ముందు మైదానానికి వెళ్ళాడు. పొద్దుటి సాధన ముద్రలు ఇంకా చెరపలేదు. మూడో లైను వెంట వంగి నడిచాడు. ఎవరి అడుగు ఎవరిదో ఆయనకు ముఖాల్లాగే గుర్తు. మిరపకాయ కుడి ముద్ర లోతుగా ఉంది. ఎడమ ముద్ర పై పైన, మడమ తాకీ తాకనట్టు. వారం రోజులుగా అలాగే ఉంది. జల్లెడతో వారం రోజులుగా తనే దాన్ని చెరుపుతూ వచ్చాడు.

సార్ గది చిన్నది. ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడ మీద ఆ కాగితం. తాత కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. సార్ మొదట నవ్వాడు.

"పెద్దాయనా, ఒంట్లో బాగానే ఉందా? మీరు చెవి టైం చెప్పడమేంటి?"

"చెప్పాను సార్. పదమూడు సార్లు."

సార్ నవ్వు ఆగిపోయింది. లేచి కాగితం దగ్గరకు వెళ్ళి నల్ల గీత మీద వేలు పెట్టి ఒక్కో చుక్కా తడుముకుంటూ కిందికి దిగాడు.

"ఇది? ఇది కూడానా?"

"అది కూడా."

"ఈ గీత నేను ఎంతమందికి చూపించానో తెలుసా మీకు? మిగతా హాస్టళ్ళ కోచ్‌లు రాసుకుని వెళ్ళారు. ఈ గీత చూసే..." అని ఆగిపోయాడు. గొంతు తగ్గించాడు. "ఎంపిక పరుగు ఇంకా తొమ్మిది రోజులే. అది అయ్యేదాకా ఆగండి. ఇప్పుడు చెబితే పిల్ల మనసు ముక్కలైపోతుంది. నమ్మకం మీద పరిగెత్తుతోంది అది."

"మనసు సంగతి తర్వాత సార్. ఎడమ కాలు మోపడం లేదు."

"నాతో చెప్పలేదే?"

"చెబితే పరుగు ఆపేస్తారని చెప్పదు. కాలు దాస్తుంది. మట్టి దగ్గర దాయలేదు కదా."

సార్ కుర్చీలో కూర్చున్నాడు. ఆయన మూర్ఖుడు కాదు. నమ్మడానికి మాత్రం ఒక్క రుజువు కావాలి.

"సాయంత్రం ఒక్క పరుగు. చెక్కలు మీరు కొట్టండి. గడియారం నేను పడతాను."

"కాలు బాగోలేదంటుంటే మళ్ళీ పరుగేంటి సార్?"

"ఒక్కటే" అన్నాడు సార్. తాత కాదనాల్సింది, కాదనలేదు. తన మాటకు ఇప్పుడు విలువ లేదని ఆయన అనుకున్నాడు.

సాయంత్రం నాలుగున్నరకు అవతలి మూలలో మిరపకాయ కాళ్ళు విదిలించుకుంటూ నిలబడింది. చెక్కలు తాత చేతిలో చూసి కళ్ళెగరేసింది.

"ఏంటి తాతా, ఇవాళ మీరిద్దరూ కుర్చీలు మార్చుకున్నారా?"

"అవునమ్మా."

"సార్ చేతి టైం నాకు అచ్చిరాదు. నీ వేలే మంచి వేలు."

ఆయన చెక్కలు పైకెత్తి కొట్టాడు.

మూల తిరిగేదాకా పిల్ల బాగానే వెళ్ళింది. తర్వాత ఎడమ భుజం కిందికి జారడం మొదలైంది. చివరి యాభై మీటర్లు ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగుతున్నట్టుగా పరిగెత్తింది. గీత దాటి, వంగి, తలెత్తి సార్ వైపు చూసింది. నూట పది మీటర్ల అవతల నుంచి తాతకు మాట వినబడలేదు. సార్ గడియారం చూసుకోవడం కనబడింది. మళ్ళీ చూసుకోవడం కనబడింది. పిల్ల ఇంకోసారి అడిగింది. సార్ గడియారాన్ని జేబులో వేసుకుని ముఖం తిప్పుకున్నాడు.

తాత మైదానానికి అడ్డంగా నడిచి వెళ్ళాడు. ఆ దూరం ఆయనకు ఎప్పుడూ అంత పొడుగ్గా అనిపించలేదు.

"ఎంత సార్?" అన్నాడు.

"ఇరవై ఆరు."

"సార్ గడియారం పాడైంది తాతా" అంది మిరపకాయ రొప్పుతూ. "నీది తీసుకురా. మళ్ళీ పరిగెత్తుతాను."

"గడియారం బాగానే ఉందమ్మా. చెడిపోయింది నేనే."

చెప్పాడు. సాకులు కలపకుండా, టైం చెప్పినట్టే చెప్పాడు. చెవితో నొక్కానని, తర్వాత గుటక మింగి నొక్కానని, పదమూడు శనివారాలని. ఆ పిల్ల మూడేళ్ళుగా మైదానంలో పెరిగింది. చెవి టైం అంటే ఏమిటో దానికి విడమరచి చెప్పనక్కర్లేదు.

అది ఏడుస్తుందనుకున్నారు ఇద్దరూ. ఏడవలేదు. నేల మీద కూర్చుని ఎడమ మోకాలి కింద ఎముక మీద చెయ్యి పెట్టుకుంది.

"ఆకలితో నిద్ర పట్టనప్పుడు ఆ అంకె తలుచుకునేదాన్ని" అంది. "ఇరవై ఐదు రెండు, ఇరవై ఐదు ఒకటి, ఇరవై ఐదు. అలా లెక్కపెట్టుకుంటూ పడుకునేదాన్ని తాతా."

తాత ఆ పిల్ల పక్కన మట్టిలో కూర్చున్నాడు.

"నేను నిజంగా పరిగెత్తినవాటిలో మంచిది ఎంత?"

"ఇరవై ఐదు నాలుగు. రెండో వారం."

"అంటే ఇంకా ఒంట్లో తిండి ఉన్నప్పుడు."

"అవునమ్మా."

సార్ ఏదో చెప్పబోయాడు. "పరుగు అన్నాక కొంత త్యాగం..." అన్నాడు. పిల్ల ఆయన వంక చూడనైనా లేదు. లేవబోయి, ఎడమ కాలు మోపి, కుప్పకూలింది. అప్పుడు అరిచింది.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. మోకాలి కింద ఎముకలో వెంట్రుకంత చీలిక ఉంది. డాక్టరమ్మ తూకం చూసింది, గోళ్ళు చూసింది, కనురెప్ప కిందికి లాగి చూసింది, బయట చేరని నెలలు లెక్క అడిగింది. తర్వాత సార్‌ను, తాతను బయట నిలబెట్టి ఒకే మాట అడిగింది. "ఈ పిల్లకు ఎవరు తిండి పెట్టడం లేదు?" ఇద్దరూ ఒకేసారి "నేనే" అన్నారు. డాక్టరమ్మకు అది తిక్క సమాధానంలా తోచింది. విసుక్కుని లోపలికి వెళ్ళిపోయింది.

చీలిక కనబడింది కాబట్టి సరిపోయిందని, ఇంకో వారం పరిగెత్తితే ఎముక రెండు ముక్కలయ్యేదని తర్వాత చెప్పారు. ఎంపిక పరుగు మిరపకాయ లేకుండానే జరిగింది.

ప్లేట్లు మారాల్సిన సోమవారం పొద్దున భోజనాల గదిలో నీలం ప్లేట్లు కనబడలేదు. సార్ తనే వాటిని అట్టపెట్టెలో పెట్టి ఎక్కడికో పంపించేశాడు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. పై అధికారులకు మాత్రం మూడు పేజీల ఉత్తరం రాశాడు. అందులో పిల్ల తప్పు లేదని, కాలు బాగయ్యేదాకా సీటు ఉంచాలని అడిగాడు. తన తప్పు ఎంత ఒప్పుకున్నాడో, తాత తప్పు ఎంత రాశాడో చూసినవాళ్ళు లేరు. ఏడాదికి సీటు ఉంచారు. మిగతా హాస్టళ్ళ కోచ్‌లకు కూడా ఉత్తరాలు రాశాడు. జవాబిచ్చినవాడు ఒక్కడే. "మా దగ్గర నీలం ప్లేటు బాగానే పని చేస్తోంది, మార్చలేము" అని.

ఆ జవాబు సార్ తాతకు చదివి వినిపించాడు. తాత విని, గ్రౌండుకు వెళ్ళి రెండు గంటలు రోలరు లాగాడు. ఆ పనికి అప్పటికే మిషను ఉంది.

గడియారం ఆయన తనంతట తానే తిరిగి ఇచ్చేశాడు. సార్ వద్దనలేదు. ముప్పై ఏళ్ళ అలవాటు ఒక్క రోజులో పోదు. ఎక్కడైనా చెక్కల చప్పుడు వినబడితే ఆయన బొటనవేలు కదిలేదని వంటమ్మ చెప్పేది. ఆయన్ని ఎగతాళి చేయడం మాత్రం మానేసింది.

మిరపకాయ ఆరు నెలలు పరిగెత్తలేదు. కర్ర సాయంతో వంటింటి దాకా వచ్చి గుమ్మంలో కూర్చునేది. మొదట్లో ముద్ద దిగేది కాదు. తిన్న ప్రతి ముద్దకూ తూకం వైపు చూసేది. తూకం అప్పటికే తీసేశారు, అయినా చూసేది. వంటమ్మ బతిమాలలేదు. ఎదురుగా కూర్చుని తనూ తినేది. "నాకు ఒంటరిగా సయించదే. నువ్వు ముద్ద పెట్టుకుంటేనే నేనూ" అనేది. నెలన్నరకు పిల్ల రెండోసారి వడ్డించమని అడిగింది. వంటమ్మ వెనక్కి తిరిగి పొయ్యి దగ్గర కాసేపు పనేమీ లేకుండా నిలబడింది.

తాతతో మాత్రం మాట్లాడలేదు. ఎదురుపడితే పక్కకు తప్పుకునేది. కోపంగా చూసేది కాదు, అసలు చూసేదే కాదు. ఆయన కూడా దగ్గరకు వెళ్ళలేదు. క్షమించమని అడగడం అంటే ఆ పిల్ల నెత్తిన ఇంకో బరువు పెట్టడమేనని ఆయన భార్యతో అన్నాడు.

ఏడో నెలలో మళ్ళీ ట్రాకు మీదికి వచ్చింది. గడియారం ఇప్పుడు ఒక కొత్త టీచరమ్మ చేతిలో ఉంది. మొదటి శనివారం ఇరవై ఏడు పాయింట్ మూడు. మిరపకాయ ఆ అంకెను టీచరమ్మ చేత రెండుసార్లు చెప్పించుకుంది. గడియారం తీసుకుని తన కళ్ళతో చూసింది. తల ఊపి, నీళ్ళు తాగి, తెల్ల ప్లేటు తెచ్చుకుని అందరి మధ్యా కూర్చుంది. ఏడాది తిరిగేసరికి ఇరవై ఐదు పాయింట్ ఐదుకు వచ్చింది. ఇరవై ఐదు లోపు వస్తుందో రాదో ఎవరూ చెప్పలేరు. సీటు గడువు ఇంకో ఏడాది పొడిగించారు. తల్లి కార్ఖానాకు ఒక రోజు సెలవు పెట్టి వచ్చి, కూతురు పరిగెత్తడం మొదటిసారి చూసి, "ఇంత వేగంగా ఎందుకే?" అని అడిగి అందరినీ నవ్వించింది.

ఆ మరుసటి పొద్దున తాత ట్రాకుకు నీళ్ళు చల్లుతున్నాడు. మిరపకాయ ఒంటరిగా వచ్చి, బూట్ల తాళ్ళు కట్టుకుని, మూడో లైనులో మెల్లగా ఒక చుట్టు వేసింది. ఆయన ఎప్పటిలాగే గొట్టం పట్టుకుని అటు తిరిగి నిలబడ్డాడు. రెండో చుట్టులో ఆ పిల్ల ఆయన పక్కన ఆగింది. పదమూడు నెలల తర్వాత.

"మూల దగ్గర నీళ్ళు ఎక్కువయ్యాయి తాతా. కాలు జారుతోంది."

"ఇప్పుడే తుడిచేస్తాను" అన్నాడాయన.

పిల్ల వెళ్ళిపోయింది. ఆయన గొట్టం కింద పడేసి చీపురు కోసం షెడ్డు వైపు పరిగెత్తాడు.